26 సైజు సైకిల్‌కి 26 ట్యూబే వేయించినా గాలి ఎందుకు నిలవడం లేదు?

మీ అబ్బాయి గేర్ సైకిల్‌కి "26 ట్యూబు" అని అడిగి కొత్తది వేయించానని, పది రోజుల్లో రెండుసార్లు గాలి దిగిపోయిందని, టైరంతా తడిమినా ముల్లు గానీ మేకు గానీ దొరకలేదని రాశారు. ముల్లు లేదంటే నా అనుమానం ట్యూబు సైజు మీదే. సరిగ్గా ఇదే నాకూ జరిగింది.

మా ఇంట్లో 26 సైకిళ్ళు రెండున్నాయి. నాది లావు టైర్ల గేర్ సైకిలు, మా ఆవిడది ముందు బుట్ట ఉన్న లేడీస్ సైకిలు. ఆవిడ సైకిల్ కోసం కొని ఉంచిన ట్యూబుని బ్యాగులో వేసుకుని ఓ ఆదివారం బీచ్ రోడ్డు మీదుగా భీమిలి బయల్దేరాను. రుషికొండ దాటి తొట్లకొండ దగ్గరికి వచ్చేసరికి వెనక చక్రం నేలకి దిగిపోయింది. రోడ్డు పక్కన కూర్చుని ఆ ట్యూబు ఎక్కిస్తుంటే ఎంత సర్దినా ఒకచోట మిగిలిపోతోంది. అటు తోస్తే ఇటు లేస్తోంది. ఎలాగో లోపలికి కుక్కి, గాలి కొట్టి ఇల్లు చేరాను. నాలుగో రోజుకి మళ్ళీ గాలి లేదు. విప్పి బకెట్ నీళ్ళలో ముంచితే బుడగలు ఆ మడత పడ్డ చోటు నుంచే వచ్చాయి.

అప్పుడు రెండు టైర్లూ పక్కపక్కన పెట్టి చదివాను. నా టైరు మీద 26 × 1.95 అని, పక్కనే చిన్న అంకెల్లో 50-559 అని ఉంది. ఆవిడ టైరు మీద 26 × 1 3/8, 37-590. మీకు కావలసింది ఆ చిన్న అంకెలే. మొదటిది టైరు వెడల్పు, రెండోది టైరు అంచు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం. రెండూ మిల్లీమీటర్లలోనే. 26 అన్నది గాలి నిండిన టైరు బయటి వ్యాసం, అంగుళాల్లో, అదీ సుమారుగా. అందుకే లావు టైరుకి చిన్న రిమ్ము, సన్న టైరుకి పెద్ద రిమ్ము ఉన్నా రెంటినీ 26 అనే పిలుస్తారు. వ్యాసంలో తేడా 31 మిల్లీమీటర్లంటే చుట్టుకొలతలో దాదాపు 10 సెంటీమీటర్లు. బెత్తెడు పైగా ఎక్కువున్న ట్యూబు మడత పడక ఏం చేస్తుంది?

షాపులో చూడడానికి ఓ గుర్తు చెబుతాను. 26 పక్కన 1.75, 1.95, 2.1 లాగా చుక్క పెట్టి రాస్తే సాధారణంగా 559 రిమ్ము. 1 3/8 లాగా భిన్నం ఉంటే వేరే రిమ్ము. 1.75, 1 3/4 లెక్కలో ఒకటే కదా అని తీసుకోకండి, సైకిల్ టైర్లలో అవి రెండూ ఒకటి కావు.

వెడల్పులో మాత్రం కొంత వెసులుబాటు ఉంది, రబ్బరు సాగుతుంది కాబట్టి. ట్యూబు డబ్బా మీద 26 × 1.75–2.125 అని ఉంటే మీ టైరు వెడల్పు ఆ మధ్యలో పడితే చాలు. మరీ సన్నది వేస్తే ఎక్కువ సాగి పల్చబడుతుంది, చిన్న గాజు పెంకుకే తూటు పడుతుంది. మరీ లావుది వేస్తే మళ్ళీ మడతలే. 700 సి, 29 అని వేర్వేరు పేర్లున్నా రెంటి రిమ్మూ 622 మిల్లీమీటర్లే, అక్కడ చూసుకోవలసింది వెడల్పు ఒక్కటే. మా నాన్నగారి పాత 28 × 1 1/2 సైకిలుది 635, దాని ట్యూబు వేరు.

వాల్వ్ కూడా చూడండి. మోటారు సైకిల్‌కి ఉండేలాంటి లావు వాల్వ్‌కి రిమ్ములో పెద్ద రంధ్రం కావాలి. సన్నటి ప్రెస్టా వాల్వ్ రంధ్రంలో అది దూరదు. పెద్ద రంధ్రంలో ప్రెస్టా వేస్తే కదులుతూ ఉండి వాల్వ్ మొదలు దగ్గర ట్యూబు చిరుగుతుంది. లోతైన రిమ్మయితే వాల్వ్ పొడుగ్గా ఉండాలి, లేకపోతే పంపు పట్టదు.

కొత్త ట్యూబు కొనే ముందు పాతదాన్ని నీళ్ళలో ముంచి తూటు ఎక్కడుందో చూడండి. మడత దగ్గరుంటే సైజు తప్పు. రిమ్ము వైపుంటే ఎంత మంచి ట్యూబు వేసినా నిలవదు. మన సముద్రపు గాలికి రిమ్ములు, చువ్వల చివరలు తుప్పు పట్టి గరుకుతేలతాయి, వాటి మీది టేపు చిరిగితే ట్యూబు రోజూ ఒరుసుకుంటుంది. గరుకు కాగితంతో తుప్పు తుడిచి కొత్త టేపు వేయించాలి. పక్కపక్కన రెండు గాట్లుంటే గాలి తక్కువగా ఉండగా గుంతలో పడ్డట్టు. ఎంత గాలి పట్టాలో టైరు పక్క భాగం మీదే రాసి ఉంటుంది.

ఎక్కించేటప్పుడు ట్యూబుకి కొంచెం గాలి పట్టి గుండ్రంగా చేసి పెట్టమనండి, టైరు చివరి అంచు స్పానరుతో కాకుండా చేతులతో తోయమనండి. ఇప్పుడున్న టైరు మీది చిన్న అంకెలు, ట్యూబు డబ్బా మీద రాసింది ఇక్కడ పెడితే రెండూ సరిపోతాయో లేదో చూసి చెబుతాను.