షట్టర్ ఎవరి చేతిలో ఉంది?

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

నాన్నా, నువ్వు పంపిన మూడు నోట్ పుస్తకాలూ, మడతలు పెట్టిన ఆ పెద్ద మ్యాపూ అందాయి. రెండు రాత్రులు కూర్చుని అన్నీ చదివాను. అయిదు పుస్తకాల మంత్రలోకం రాయాలని మన ఇంటి పిల్లాడు ఇంత కష్టపడుతున్నాడంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. పదకొండు రాజ్యాలు, వాటి జెండాలు, రాజుల వంశావళి, నాలుగు రకాల ఎగిరే జంతువులు, ఏడు ఆయుధాలు. ఏదీ ఊరికే గీసింది కాదని తెలుస్తూనే ఉంది. కానీ అంతా చదివి పుస్తకం మూశాక కూడా నాకు ఒక సంగతి అంతుపట్టలేదు. ఈ లోకంలో పొద్దున్నే నిద్ర లేచిన మామూలు మనిషికి దేని గురించి భయం? పక్కింటివాడితో దేనికోసం గొడవ పడతాడు? దీనికి జవాబు దొరికేదాకా మొదటి అధ్యాయం మొదలుపెట్టకు.

ఆ జవాబు నీ దగ్గరే ఉంది. మూడో నోట్ పుస్తకంలో, జంతువుల బొమ్మల మధ్య ఎక్కడో, మంత్రశక్తి ఉత్తరాది కొండలో పుట్టి లోకమంతా ప్రవహిస్తుందని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. నా లెక్కలో నీ అయిదు పుస్తకాలూ ఆ వాక్యంలోనే ఉన్నాయి.

ప్రవహిస్తుందన్నావు కదా. ప్రవహించేదాన్ని ఆపవచ్చు, మళ్లించవచ్చు. ఒకరికి ముందు అందుతుంది, ఇంకొకరికి చివర అందుతుంది, ఆ చివరివాడికి ఒక్కోసారి అసలు అందదు. మన కృష్ణా గుంటూరు నేల బతుకంతా ఈ లెక్క మీదే నడిచింది. 1832-33లో గుంటూరు జిల్లాలో వచ్చిన కరువులో లక్షమందికి పైగా పోయారు. అది నందన నామ సంవత్సరం కాబట్టి జనం దాన్ని నందన కరువన్నారు, డొక్కల కరువనీ అన్నారు. అప్పుడు కూడా కృష్ణ ఇక్కడే ఉంది, ఆకలితో పడి ఉన్న ఊళ్ల పక్కనుంచే సముద్రంలోకి పోతూ ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత, 1852లో మొదలుపెట్టి 1855కల్లా బెజవాడ దగ్గర ఏటికి అడ్డంగా ఆనకట్ట కట్టారు. ఇప్పుడు మనం చూసే ప్రకాశం బ్యారేజీ ఆ తర్వాత వందేళ్లకు, 1957లో వచ్చింది. ఒక్క గోడ కట్టి రెండు పక్కలా కాలువలు తీసేసరికి మనుషుల లెక్కలు మొత్తం మారిపోయాయి. కాలువ మొదట్లో ఉండే ఎగువ ఊరు, కాలువ చివర ఉండే శివారు ఊరు అనే తేడా వచ్చింది. పొలం ధర, అప్పు పుట్టడం, చివరికి పెళ్లి సంబంధం కూడా కాలువ ఎంత దూరమో చూసి తేలేవి.

మా అమ్మమ్మగారిది శివారు ఊరు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే, కాలువకు నీళ్లు వదిలే లస్కరు సైకిల్ మీద గట్టున వస్తున్నాడంటే పెద్ద పెద్ద రైతులు కూడా లేచి నిలబడటం చూశాను. అతనికి భూమి లేదు, చదువు లేదు, ఒంటి మీద మంచి చొక్కా కూడా ఉండేది కాదు. కానీ కాలువ నీళ్లను ఆపే తలుపు, ఆ షట్టర్ తాళం అతని దగ్గర ఉండేది. నీ పదకొండు మంది రాజుల్లో ఎవరి దగ్గరా నాకు అంత అధికారం కనిపించలేదు.

ఇప్పుడు నీ లోకంలోకి వద్దాం. మంత్రశక్తికి అడ్డంగా మొదటి గోడ ఎవరు కట్టారు? మంచికే కట్టి ఉండవచ్చు, ఏదో ఒక నందన కరువు చూసి కడుపు తరుక్కుపోయి కట్టి ఉండవచ్చు. షట్టర్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? శివారు ఊరికి ఏడాదిలో పదకొండు రోజులే శక్తి అందుతుందనుకో. ఆ ఊళ్లో ప్రసవాలు, పెళ్లిళ్లు, వైద్యం అన్నీ ఆ పదకొండు రోజుల్లో పెట్టుకోవాలి. పన్నెండో రోజున జ్వరం వచ్చిన పిల్లవాడి తల్లి ఏం చేస్తుంది? రాత్రిపూట వెళ్లి గట్టుకు గండి కొడుతుంది. అది నేరం, దానికి ఒక శిక్ష ఉంటుంది, ఆ శిక్ష అమలు చేసే మనిషి ఒకడుంటాడు, వాడికీ ఇంట్లో పిల్లలుంటారు. చూశావా, నేను కొత్తగా ఏమీ కల్పించలేదు. నువ్వు రాసిన వాక్యాన్నే పట్టుకుని నడిచాను. ఇలా నడిస్తే పదకొండు రాజ్యాలు అక్కర్లేదు. ఎగువన ఒకటి, నడిమిన ఒకటి, శివారున ఒకటి చాలు. మిగతా ఎనిమిదింటి జెండాలు దాచిపెట్టు, వాటితో పని పడితే అప్పుడు చూద్దాం.

ఇక మంత్రానికి పెట్టే హద్దుల గురించి. ఇక్కడ నేను చేసిన తప్పు నీకు చెప్పాలి. ముప్పై అయిదేళ్ల కిందట ఒక వారపత్రికలో నా నవల నాలుగు భాగాలుగా వచ్చింది. మొదటి భాగంలో ఒక శాపం పెట్టాను. దాన్ని ఏ శక్తీ తీసేయలేదని ఖచ్చితంగా రాశాను. రెండో భాగంలో ఆ శాపానికి కథానాయకుడి చెల్లెలు చచ్చిపోయింది. మూడో భాగానికి వచ్చేసరికి కథానాయకుడికే ఆ శాపం తగిలింది, బయటపడే దారి నాకు తోచలేదు. వారం వారం అచ్చుకు ఇవ్వాలి, ఒకటే టెన్షన్. ఒక కొండ మీద పూసే పువ్వు తెచ్చి శాపం తీసేశాను. పది రోజులకి ఒక కార్డు వచ్చింది. రాసినామె పేరు కూడా పెట్టలేదు. ఆ పువ్వు ముందే ఉంటే చెల్లెలు బతికేది కదా, ఆమె కోసం ఎవరూ ఎందుకు వెతకలేదని అడిగింది. ఆ కార్డు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఆ చెల్లెలి కోసం ఏడ్చిన పాఠకులందరికీ నేను అన్యాయం చేశానని ఆ రోజు అర్థమైంది. తర్వాతి పుస్తకంలో నువ్వు తెచ్చే ప్రతి కొత్త ఉపాయమూ వెనక్కి వెళ్లి ముందు పుస్తకాల్లోని చావులన్నిటినీ తడుముతుంది. అందుకని మంత్రం ఏం చేయగలదో నాలుగు వాక్యాలు రాసుకుంటే, ఏం చేయలేదో ఎనిమిది వాక్యాలు రాసుకో. వాడినవాడికి ఏం తగ్గుతుంది, వాడనివాడికి ఏం తగ్గుతుంది, రెండూ రాయి. రెండోది చాలామంది మర్చిపోతారు.

అయిదో పుస్తకం చివరి దృశ్యం నీకు తెలుసా? నోట్ పుస్తకాల్లో ఎక్కడా కనిపించలేదు. మజిలీ మజిలీకి ఒక కథ చెప్పుకుంటూ కాశీకి నడిచే పద్ధతి మనకి ఎప్పటినుంచో ఉంది, అందులో ఎన్ని సంపుటాలైనా కలుపుకుంటూ పోవచ్చు. నువ్వు రాస్తున్నది అలాంటిది కాదు, అయిదు పుస్తకాలకీ కలిపి ఒకటే కథ. దానికి చివర తెలియకుండా మొదలు అచ్చువేయకూడదు. అచ్చయిన పుస్తకాన్ని వెనక్కి పిలవలేం.

నాగార్జునకొండ సంగతి చూడు. ఒకప్పుడు ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉన్న లోయ అది. సాగర్ డ్యామ్ కడితే ఆ లోయ మునిగిపోతుందని ముందే తెలుసు. అందుకే 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, దొరికిన శిల్పాలు, కొన్ని కట్టడాలు కొండ మీదకి చేర్చారు. ఇప్పుడు ఆ కొండ నీటి మధ్య దీవి, లాంచీ ఎక్కి వెళ్లాలి. మునగబోతోందని తెలిసి తవ్వారు కాబట్టి ఏది పైకి తేవాలో, ఏది వదిలేయాలో వాళ్లకి నిర్ణయించుకోవాల్సి వచ్చింది. నువ్వూ అలాగే మొదటి పుస్తకం రాయాలి. చివరికి ఏ ఊరు మునుగుతుందో నీకు తెలిస్తే, మొదటి పుస్తకంలో ఆ ఊరి అరుగు మీద కూర్చున్న ముసలాయన గురించి రాసే నాలుగు వాక్యాలు వేరేగా వస్తాయి. పాఠకుడికి అప్పుడు తెలియకపోయినా, అయిదో పుస్తకం చదివి మొదటిది మళ్లీ తీసినప్పుడు తెలుస్తుంది.

నీ కథలో ఒక జోస్యం కూడా ఉంది కదా, దాని గురించీ చెప్పాలి. జోస్యం చెప్పినట్టే జరిగితే రెండో పుస్తకానికే పాఠకుడు పట్టేస్తాడు. కృష్ణమ్మ పొంగి దుర్గమ్మ ముక్కుపుడక తాకిన రోజున యుగాంతమని మన బెజవాడలో ఇంటింటా చెప్పుకునే మాట. వరద వచ్చిన ప్రతిసారీ మా కళ్లన్నీ ఇంద్రకీలాద్రి వైపే ఉంటాయి. 2024 సెప్టెంబర్ మొదట్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవాహం వచ్చింది, ఊరంతా అటే చూసింది. మన ఊళ్లో సింగ్‌నగర్‌ని ముంచింది మాత్రం వెనకవైపు నుంచి వచ్చిన బుడమేరు వాగు. గట్లకు గండ్లు పడి నీళ్లు వచ్చేశాయి. నా స్నేహితురాలిని మొదటి అంతస్తు నుంచి పడవలో దింపి తెచ్చారు. ఆమె వణుకుతూ చెప్పింది ఒకటే, నీళ్లు ఏటి వైపు నుంచి వస్తాయనుకున్నామని. నీ జోస్యం కూడా అలా ఉండాలి. జనమంతా నమ్మి ఒకవైపే చూస్తూ ఉండాలి, ఆ చూపు వల్లే రెండోవైపు గట్టు బాగు చేయకుండా మిగిలిపోవాలి. ఆ గట్టు గురించి మొదటి పుస్తకంలోనే ఎవరో ఒక చిన్న మనిషి చెప్పి ఉండాలి, ఎవరూ వినిపించుకుని ఉండకూడదు.

పేర్ల గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. వజ్ర, అగ్ని, చంద్ర అని ముందు తగిలించి పుట్టించిన పేర్లన్నీ ఒకేలా వినపడుతున్నాయి. నలుగురు సేనాపతుల్లో ఎవరు ఎవరో నేనే తికమకపడ్డాను. మన ఊళ్ల పేర్లు ఎలా పుట్టాయో చూడు. లంక అంటే ఏటి మధ్య దీవి, పర్రు అంటే పల్లపు నేల, ఇంకా పాలెం, పాడు, కుదురు. పేరు వింటే నేల కనిపిస్తుంది. నీ మ్యాపులో ఏరు లేని చోట లంక అనే ఊరు పెట్టి చూడు. ఒకప్పుడు అక్కడ ఏరు ఉండేదనీ, ఎవరో దాన్ని మళ్లించారనీ నువ్వు చెప్పకుండానే తెలిసిపోతుంది. కాలం కూడా అంతే. ఫలానా రాజు 312వ ఏట అని రాస్తే ఎవరికీ గుర్తుండదు. నందన కరువు అన్నట్టు నీ జనం కూడా ఆ ఏటికి ఒక పేరు పెట్టుకోవాలి.

రాజుల కథలు నవలల్లో కన్నా శాసనాల్లో చదువు. చీరాల దగ్గర మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. తుఫానుకి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు లాగేసుకునేవారు, నేను సుంకం మాత్రమే తీసుకుంటానని సముద్ర వర్తకులకు ఆయన ఇచ్చిన మాట అది. ఏనుగు దంతం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, వేటికి ఎంత సుంకమో వివరం కూడా ఉంది. ఒక రాయి మీద ఒక లోకం. నీ రాజు కూడా ఇలాంటి మాట ఒకటి ఇచ్చి, మూడో పుస్తకంలో దాన్ని తప్పాల్సిన స్థితికి రావాలి.

ఇన్ని సంగతులు తలలో పెట్టుకోవడం ఎవరి వల్లా కాదు. మీ నాన్న మిర్చి కమీషన్ కొట్టులో చిట్టా, ఆవర్జా ఎలా రాస్తారో నీకు తెలుసు. ఏ రోజు ఎన్ని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వచ్చాయో చిట్టాలో, ఏ రైతుకు ఎంత బాకీయో ఆవర్జాలో. నువ్వూ రెండు పెట్టు. అధ్యాయం పూర్తవగానే ఏం జరిగింది, ఎన్నాళ్లు పట్టింది, ఎవరికి దెబ్బ తగిలిందీ చిట్టాలో ఎక్కించు. మనిషికో పేజీ, ఊరికో పేజీ, మంత్రానికో పేజీ ఆవర్జాలో. కళ్ల రంగు, ఏ చెయ్యి వాటం, ఎవరికి ఏం మాట ఇచ్చాడు. ముఖ్యంగా పాఠకుడికి నువ్వు పడిన బాకీలు వేరే పేజీలో రాసుకో. తలుపు వెనక చప్పుడైంది అని రాస్తే అదొక బాకీ, ఏ పుస్తకంలో తీరుస్తావో పక్కన వేయి. కంప్యూటర్‌లో పెట్టుకుంటానంటే నీ ఇష్టం, కానీ అదే రోజు ఎక్కించాలి. రేపు అనుకుంటే వారం అవుతుంది.

అచ్చు గురించి ఇప్పుడే ఆలోచించకు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. జనవరిలో మా పుస్తక మహోత్సవంలో మొదటి పుస్తకం కొన్న పాఠకుడు రెండోదాని కోసం మళ్లీ జనవరికే వస్తాడు. రెండు పుస్తకాలు పూర్తిగా రాసి చేతిలో పెట్టుకున్నాకే మొదటిది బయటికి పంపు. మొదటి పుస్తకంలో ఒక ప్రశ్నకైనా పూర్తి జవాబు ఇవ్వు. శివారు తల్లి గండి కొట్టిన కథ మొదలై ముగిస్తే చాలు, గోడ ఎవరు కట్టారన్నది తెరిచి ఉంచవచ్చు.

వచ్చే ఆదివారం పొద్దున్నే బయలుదేరి రా. మ్యాపు తేవద్దు. ఒక తెల్ల కాగితం మీద షట్టర్ ఎవరి చేతిలో ఉందో, ఆ మనిషికి రాత్రి నిద్ర ఎందుకు పట్టదో అరపేజీ రాసి తీసుకురా. అది చదివాక ఇద్దరం బ్యారేజీ మీద నడుద్దాం. తిరిగి వెళ్లేటప్పుడు దుగ్గిరాల లాకుల దగ్గర దిగి కాసేపు నిలబడి చూడు, నీకు కావలసిన చప్పుళ్లు అక్కడ ఉంటాయి. మీ నాన్నని అడిగి పాత ఆవర్జా పుస్తకాలు ఖాళీవి ఉంటే రెండు వెంట తీసుకురా. ఒకటి నీకు, ఒకటి నాకు. నేనూ ఒకటి మొదలుపెట్టాలనుకుంటున్నాను, ఆ చెల్లెలి కథ.

ఆశీస్సులతో,
అత్తయ్య