డాబా మీద చైవ్స్ ఎండిపోతుంటే

నమస్తే అండీ. ఏప్రిల్‌లో గుంటూరులో మీ డాబా మీద చైవ్స్ (ఉల్లికాడల్లా సన్నగా ఉండే ఆకుకూర) విత్తితే దారాల్లా మొలిచి, కొసలు పసుపెక్కి వాలిపోయాయని రాశారు. బాధపడకండి, మీ చేతిలో తప్పేం లేదు. ఇది చలి ఇష్టపడే మొక్క. గింజ మొలవడానికి 15 నుంచి 21 డిగ్రీలైతే హాయి. మన దగ్గర మే నెలలో 40 దాటుతుంది కదా!

బతికున్న కుండీని ఈరోజే కిందికి దించి, పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోట పెట్టండి. నల్లరేగడి మట్టి నింపానన్నారు, అసలు చిక్కు అక్కడే ఉందని నా అనుమానం. అది నీళ్లు పట్టేసుకుంటుంది, వేర్లు కుళ్లుతాయి. పసుపు కొసలు చూసి టెన్షన్‌తో మనం ఇంకా నీళ్లు పోస్తాం, ఇంకా పాడవుతుంది. ఆ మట్టిలో ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. వేలు పెట్టి చూసి, పైమట్టి ఆరాకే నీళ్లివ్వండి.

మళ్లీ విత్తేది నవంబరులో, కొత్త గింజలతోనే. ఉల్లిజాతి గింజలకు మొలకశక్తి త్వరగా పోతుంది. విజయవాడలో నేనైతే గార్లిక్ చైవ్స్‌కి మారిపోయాను. ఆకు బల్లపరుపుగా, వెల్లుల్లి వాసనతో ఉంటుంది, ఎండకు బాగా ఓర్చుకుంటుంది.

కోసేటప్పుడు మొదలు దగ్గర రెండు అంగుళాలు వదిలితే మళ్లీ చిగురిస్తుంది. పొయ్యి కట్టేశాకే కూరలో చల్లండి, ఉడికితే వాసన పోతుంది. పెరుగు పచ్చడిలో, పెసరట్టు మీద అల్లం ముక్కలతో చాలా బాగుంటుంది. ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉంటే మాత్రం అందనివ్వకండి, వాటికి ఇది విషం.