వెయ్యి రూపాయల లోపు రోజూ జేబులో పెట్టుకునే చిన్న మడత చాకు ఏది తీసుకోవాలి? (వైజాగ్)

వైజాగ్ అనే మాట మీరు బ్రాకెట్లో పెట్టారు గానీ అసలు ముందు ఆలోచించాల్సిందే అదండీ. బ్లేడు మూడంగుళాలు దాటకూడదు, ఒంటి చేత్తో తెరుచుకోవాలి, స్టీలు డీ2 మంచిదా 8సీఆర్13ఎంఓవీ మంచిదా అని అడిగారు. దీనికి హైదరాబాద్ వాళ్లో బెంగళూరు వాళ్లో చెప్పే ఆన్సర్ మనకి సగం కూడా పనికిరాదు, వాళ్లకి సముద్రం లేదు కాబట్టి.

నేను సీసీ కెమెరాలు, నెట్‌వర్క్ కేబులింగ్ పని చేస్తాను, ఉండేది పెదవాల్తేరులో. చాకు లేకుండా నాకు రోజు గడవదు. కేబుల్ పైతొక్క తియ్యాలన్నా, టై కట్ చెయ్యాలన్నా, అట్టపెట్టె మీద బ్రౌన్ టేపు చీల్చాలన్నా, మధ్యాహ్నం ఏ అపార్ట్‌మెంట్ టెర్రస్ మీదో కూర్చుని జామకాయ కోసుకోవాలన్నా అదే. మా ఇంటి కిటికీ గ్రిల్స్‌కి ఎన్నిసార్లు పెయింటేసినా తుప్పు పొంగుకొచ్చేస్తది, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ సంగతి చెప్పక్కర్లేదు, బీచ్ రోడ్డులో మేం పెట్టే కెమెరాల స్క్రూలు కూడా తలలు ఊడొస్తాయి. కస్టమరేమో మీరు చీప్ స్క్రూలు వేశారండీ అంటాడు, వారంటీలో ఉప్పుగాలి కూడా కవరవుతుందా అని నాకు ఎదురు ప్రశ్న, సరే ఆ గొడవ ఇప్పుడెందుకు లెండి. ఇనుప గ్రిల్‌నే అలా తినేసే గాలి, చెమట పట్టిన ప్యాంటు జేబులో పడున్న సన్నటి బ్లేడుని ఏం చేస్తదో మీరే ఆలోచించుకోండి.

అందుకే డీ2 వద్దంటాను. ఆన్‌లైన్‌లో ప్రతోడూ డీ2, డీ2 అని ఊదరగొట్టేస్తున్నాడు. పదును ఎక్కువ కాలం ఉంటుంది, నిజమే, కాదనను. దాంట్లో క్రోమియం కూడా పన్నెండు శాతం దాకా ఉంటుంది, వినడానికి స్టెయిన్‌లెస్ లాగే ఉంటుంది. కానీ కార్బన్ ఒకటిన్నర శాతం ఉండేసరికి ఆ క్రోమియంలో చాలా భాగం కార్బన్‌తో కలిసిపోయి గట్టి రేణువులుగా కూర్చుంటుంది, తుప్పు ఆపడానికి మిగిలేది తక్కువ. నల్లకోటింగ్ వేసి అమ్ముతారు గానీ సాన పట్టే అంచు మీద కోటింగ్ ఎలాగూ ఉండదు కదా, మచ్చలు అక్కడే మొదలవుతాయి. 8సీఆర్13ఎంఓవీలో కార్బన్ 0.8 శాతం దగ్గర, క్రోమియం 13 శాతం దగ్గర ఉంటాయి. పదును కాస్త బేగి పోద్ది, కానీ తుప్పుకి నయం, మళ్లీ సాన పట్టడం కూడా సుళువు. మన ఊళ్లో మన బడ్జెట్‌లో ఇది చాలు. ఇంకోటి, బ్లేడు మీద ఉత్త 440 అనో సర్జికల్ స్టీల్ అనో రాసుంటే దాన్ని నమ్మకండి. 440లో ఏ, బీ, సీ అని మూడు రకాలున్నాయి, ఏకి సీకి కార్బన్‌లో చాలా తేడా. ఏ రకమో రాయలేదంటే చెప్పుకోదగ్గది కాదని నా లెక్క. సర్జికల్ స్టీల్ అనేది స్టీలు రకమే కాదు, అమ్ముకోడానికి పెట్టుకున్న పేరు.

స్టీలు గోల పక్కన పెడితే అసలు చూడాల్సింది లాకు. దీని గురించి ఎవడూ మాట్లాడడేం? పోయిన వేసవిలో మా అక్క కొడుకు ఇంజినీరింగ్ సెలవలకి వచ్చి, మావయ్యా నాకూ నీలాగ ఒక చాకు కావాలి అని పట్టుకున్నాడు. సరే పద అని పూర్ణా మార్కెట్‌కి తీసుకెళ్లాను. ఆ సందుల్లో హార్డ్‌వేరు, స్టీలు సామాన్ల షాపుల మధ్య ఒక చిన్న కొట్టు, అద్దాల బీరువాలో ఎర్ర వెల్వెట్ గుడ్డ మీద ఓ పాతిక చాకులు పేర్చున్నాయి. మావాడి కన్ను నేరుగా ఒక నల్లదాని మీద పడింది. పిడి మీద పుర్రె బొమ్మ, బ్లేడు మీద రంపం పళ్లు, వెనక గాజు పగలగొట్టే మొన, సీటుబెల్టు కోసే కొక్కెం, ఇంకా ఏవేవో. ఎప్పుడూ సిటీ బస్సెక్కేవాడికి సీటుబెల్టు కోసే కొక్కెం ఎందుకో నాకైతే అర్థం కాలేదు. షాపాయన మిలిటరీ పీసు సార్, ఆరొందల యాభై, మీకు అయిదొందలకి ఇచ్చేస్తాను అన్నాడు.

నేను తెరిచి లాక్ పడే చోట చూశాను. పిడి లోపల ఒక సన్నటి రేకు ఉంటుంది కదా, బ్లేడు తెరవగానే అది పక్కకి జరిగి బ్లేడు మొదలుకి అడ్డంగా నిలబడాలి. దీంట్లో ఆ రేకు గోరు మందం కూడా లేదు, బ్లేడు మొదలుకి ఒక మూలన అంచు మాత్రం ఆనుకుని ఉంది, అదీ వంకరగా. పిడిని రెండు పక్కలా పట్టుకుని, వేళ్లు బ్లేడు దారిలోకి రాకుండా పెట్టి, ఇంకో అరచేత్తో బ్లేడు వీపు మీద నొక్కాను. పెద్ద బలం కూడా కాదు, బెండకాయ తరగడానికి పెట్టేంత. టక్కుమని జారి మూసుకుపోయింది. మావాడి మొహం చూడాలి. షాపాయనకి కోపమొచ్చేసింది, ఏటి సార్ అలా నొక్కేస్తన్నారు, అలా నొక్కితే ఏదైనా మూసుకుపోద్ది అన్నాడు. అయితే మూసుకుపోనిది ఒకటి చూపించండి అన్నాను. రెండోది తెచ్చాడు, మూసుకుపోలేదు గానీ బ్లేడు అటూ ఇటూ కదుల్తోంది. ఇంకోటి, అదీ అంతే. ఈలోపు ఎవరో కుర్రాళ్లు ఇద్దరొచ్చారు, ఆ పుర్రె చాకుని ఆయన మళ్లీ వెల్వెట్ మీద పెట్టి తుడిచి వాళ్లకి మిలిటరీ పీసు అని మొదలెట్టాడు, వాళ్లు కొనుక్కుని కూడా పోయారు! మేం అక్కడే నిలబడున్నాం.

చివరికి కింద సొరుగులోంచి పేపర్ చుట్టిన పాత స్టాకు తీశాడు. సాదా స్టీలు పిడి, బ్లేడు మూడంగుళాల లోపే, పిడి వెనకాల మధ్యలో నొక్కితే గానీ మడవడానికి రాని రకం. ఎంత నొక్కినా కదల్లేదు. ఆయన బిల్లు బుక్కులో కాయితం ఒకటి చింపి కోశాను, అంచు దగ్గర కాస్త గీరుకుంది, అది ఇంట్లో రాయి మీద సరిచేసుకోవచ్చు. మూడొందల యాభై. మావాడేమో, మావయ్యా ఇది అమ్మమ్మ వంటింటి చాకులా ఉంది, ఫ్రెండ్స్ నవ్వుతారు అని సణుగుడు. నవ్వనీరా, వేళ్లు పదీ ఉంటాయి అన్నాను. ఇప్పుడు హాస్టల్లో మామిడికాయ కొయ్యాలన్నా పార్సిల్ విప్పాలన్నా ఫ్లోరంతా వాడి రూముకే వస్తారంట, అదో కంప్లయింటు వాడికి.

కాబట్టి నేను చెప్పేది ఏంటంటే బ్రాండు కన్నా ముందు బ్లేడు వీపు నొక్కి చూడండి. తర్వాత, మూసేసి మొన వైపు కిందకి పెట్టి గట్టిగా విదిలించండి, దానంతటదే తెరుచుకుంటే జేబులో పెట్టుకోడానికి పనికిరాదు. తర్వాత బ్లేడు మందం. జనం లావుగా ఉంటే గట్టిది అనుకుంటారు, నాలుగు మిల్లీమీటర్ల బ్లేడుతో యాపిల్ కోసి చూడండి, కొయ్యదు, చీలుస్తది. రెండు మిల్లీమీటర్లకి అటూ ఇటూ ఉంటే చాలు. రంపం పళ్లు అసలొద్దు, వాటికి మామూలు రాయి మీద సాన పట్టలేరు. ఒంటి చేత్తో తెరుచుకోవాలి అన్నారు, ఎందుకండీ? నిచ్చెన మీద నిలబడి పని చేసే నాలాంటోడికి అవసరం గానీ ఆఫీసులో కూర్చునేవాళ్లకి రెండో చెయ్యి ఖాళీగానే ఉంటుంది కదా. ఆ ఒక్క కండిషన్ తీసేస్తే మీకు దొరికేవి చాలా పెరుగుతాయి.

బ్రాండే కావాలి అంటే నా ఓటు రెండిటికి. ఒకటి విక్టోరినాక్స్ చిన్నది, క్లాసిక్ ఎస్‌డీ, మూసినప్పుడు 58 మిల్లీమీటర్లు, బరువు 21 గ్రాములు, కీచైన్‌కి వేసుకుంటే ఉన్నట్టే తెలీదు. లాకు ఉండదు, అంత చిన్న బ్లేడుకి అక్కర్లేదు కూడా, కత్తెర మాత్రం సూపర్. నేను చాకు కన్నా ఆ కత్తెరే ఎక్కువ వాడతాను. ఫుట్‌పాత్ మీద ఎర్ర పిడి, తెల్ల ప్లస్సు గుర్తు వేసి అమ్మేవి అన్నీ అవి కావు, పెద్ద మోడల్స్‌లో అయితే బ్లేడు మొదట్లో కంపెనీ పేరు చెక్కి ఉంటుంది, చూసుకోండి. రెండోది ఒపినెల్, ఫ్రాన్స్‌లో సవోయ్ ప్రాంతంవాళ్లది, 1890 నుంచి చేస్తున్నారు. చెక్క పిడి, సన్న బ్లేడు, మెడ దగ్గర తిప్పే ఉంగరం, ఆ ఉంగరం లాకు 1955లో వచ్చింది, ఈ రోజుకీ అదే. నా దృష్టిలో చవక చాకుల్లో అంతకన్నా నమ్మకమైన లాకు లేదు, తిప్పారా పడింది, అంతే. 8వ నంబరుకి బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, 7కి ఎనిమిది, రెండూ మీ మూడంగుళాల రూలు దాటేస్తాయి, 6 చూడండి. స్టెయిన్‌లెస్‌దే తీసుకోవాలి సుమా, కార్బన్ స్టీలుది కూడా ఉంటుంది, అది మనూరికి కాదు. ఒకటే చిరాకు, వానాకాలంలో చెక్క పిడి తేమకి ఉబ్బి బ్లేడుని పట్టేసుకుంటుంది, గోరుతో లాగితే గోరు విరుగుద్ది. అప్పుడు మూసున్న చాకు వెనక చివరని టేబులుకేసి కొడితే బ్లేడు కాస్త బయటికొస్తది, దాన్ని పట్టుకుని లాగాలి. రెండిటికీ రేట్లు మారుతుంటాయి, మీ వెయ్యికి పడుతుందో లేదో చూసుకోండి, పడకపోతే ఆ సాదా మూడొందల యాభై రకమే నయం, మిగిలిన డబ్బుకి రాయి కొనుక్కోవచ్చు.

రాయి కూడా ముఖ్యమే. జనం చాకుకి వెయ్యి పెడతారు, రాయికి నూట యాభై పెట్టమంటే ఏడుస్తారు. హార్డ్‌వేర్ షాపులో రెండు వైపులా గరుకు వేరేగా ఉండే కార్బోరండం రాయి అడగండి. ఇరవై డిగ్రీలు అటూ ఇటూ వాల్చి, నీళ్లేసి, మెల్లగా, రెండు వైపులా సమానంగా. అది కూడా కొననంటే పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుపు లేని గరుకు రింగు ఉంటుంది చూడండి, దాని మీద రుద్దినా పని జరుగుతుంది. సైకిల్ మీద చక్రం తిప్పుకుంటూ వీధుల్లోకి వచ్చే సాన అబ్బాయికి మాత్రం సన్న బ్లేడు ఇవ్వకండి. కత్తిపీటకీ చేపల కత్తికీ ఆయనే కరెక్టు, నేను ఆయన్ని తప్పు పట్టట్లేదు, కానీ సన్న బ్లేడు ఆ చక్రం మీద నిప్పురవ్వలు రాలుస్తూ వేడెక్కి అంచు నీలంగా తిరిగిందంటే టెంపర్, అంటే స్టీలుకి ఇచ్చిన గట్టిదనం, పోయినట్టే, ఎంత సాన పట్టినా మళ్లీ పదును నిలవదు. వాడాక నీళ్లతో కడిగి, తుడిచి, కీలు దగ్గర కొబ్బరినూనె ఒక చుక్క. మామిడి, నిమ్మ, పైనాపిల్ కోసి అలా మడిచేసి జేబులో పెట్టేశారంటే స్టెయిన్‌లెస్ కూడా మచ్చ పడుతుంది.

చట్టం గురించి కూడా చాలామందికి భయం. 1959 ఆయుధాల చట్టం కింద రూల్స్‌లో ఉండేది తొమ్మిది అంగుళాల కన్నా పొడుగు లేదా రెండంగుళాల కన్నా వెడల్పు బ్లేడున్న కత్తుల సంగతి, అదీ ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవి మినహాయించి. మీ మూడంగుళాలది దాని దరిదాపుల్లో లేదు. అలాగని ఆర్కే బీచ్‌లో తిప్పుకుంటూ నడవకండి, పోలీసాయనకి సంజాయిషీ చెప్పే ఓపిక మీకుండదు. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునేవి కూడా అందుకే వద్దంటాను. ఫ్లైట్ ఉన్న రోజు చెక్ఇన్ బ్యాగులో పడెయ్యండి, చేతిసంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర వదిలేసి పోవాల్సిందే. మాల్స్‌లో మాత్రం ఏంటో, గేటు దగ్గర అందరికీ ఆ డిటెక్టర్ కుయ్యిమంటది, ఎవరినీ ఏమీ అడగరు, నేను మాత్రం చాకుందండీ అని చెప్పానంటే అరగంట రిజిస్టరు రాయిస్తారు.

ఇక అసలు సంగతి, మీకు పార్సిళ్లు విప్పడానికే అయితే చాకు కూడా వద్దు, ముప్పై రూపాయల కట్టర్ కొనుక్కోండి, మొన పోతే విరగ్గొట్టి ముందుకి జరుపుకోవచ్చు. పండ్లు కొయ్యాలి, తాడు కొయ్యాలి, నలుగురికీ అందివ్వాలి అంటేనే చాకు. పూర్ణా మార్కెట్‌కి వెళ్తే పొద్దున్నే వెళ్లండి, షాపులు తెరవగానే, సాయంత్రం ఆ సందుల్లో బండి పెట్టే చోటు దొరకదు, దొరికినా తీసే దారి ఉండదు.