పొమ్మనలేక పొగబెడుతున్న కంపెనీలో మా అబ్బాయి ఉండాలా, రాజీనామా చేయాలా?

ప్రశ్న: నేను నరసరావుపేటలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుడిని. మా అబ్బాయి ఎనిమిదేళ్లుగా హెచ్-1బి వీసాపై అమెరికాలో ఉన్నాడు. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక పెద్ద బీమా కంపెనీలో క్లెయిమ్స్ సాఫ్ట్‌వేర్ పని చూస్తాడు. గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్‌కు ఆమోదం వచ్చి రెండేళ్లయింది. కోడలు హెచ్-4 ఈఏడీపై (హెచ్-1బి ఉద్యోగి జీవిత భాగస్వామికిచ్చే ఉద్యోగ అనుమతిపై) ఉద్యోగం చేస్తోంది, మనవడికి ఆరేళ్లు. ఏడాదిన్నరగా ఆ కంపెనీలో విడతలవారీగా లేఆఫ్‌లు జరుగుతున్నాయి. అతనికి ముగ్గురు మేనేజర్లు మారారు, ఇంటి నుంచే పని చేసుకోవచ్చన్నవాళ్లే ఇప్పుడు ఆఫీసుకు రమ్మంటున్నారు, పైగా హైదరాబాద్ టీమ్‌కు కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటే తన పని నేర్పించడం) ఇవ్వమన్నారట. "పొమ్మనలేక పొగబెడుతున్నారు నాన్నా, రాజీనామా పడేసి వచ్చేస్తాను" అంటున్నాడు. రోజూ రాత్రి ఫోన్ చేసి "ఏమైంది నాయనా, ఉందా పోయిందా" అని అడుగుతున్నాను. రానివ్వాలా, ఆపాలా? మా అమ్మాయి బీఎస్సీ స్టాటిస్టిక్స్ చివరి సంవత్సరంలో ఉంది, బీమా రేట్లు, నిధులు లెక్కగట్టే ఆక్చూరియల్ వృత్తి పరీక్షలు రాస్తానంటోంది. అన్న పరిస్థితి చూశాక ఆ రంగం పేరు వింటేనే మాకు భయంగా ఉంది.

జవాబు: మాస్టారు గారూ, నమస్కారం. మీ అబ్బాయి కోపంలో తప్పేమీ లేదు. అయితే ఆ కోపంతో రాజీనామా చేస్తే నష్టపోయేది కంపెనీ కాదు, అతనే. వేరే ఉద్యోగం చేతికి వచ్చేదాకా, లేదా కంపెనీయే తొలగించేదాకా, అతను తనంతట తానుగా బయటికి రాకూడదన్నది నా సలహా. కానీ ఈ లోపు చేతులు ముడుచుకుని కూర్చోకూడదు. జీతం వస్తున్న ప్రతి నెలనూ వెళ్లిపోవడానికి కావలసిన ఏర్పాట్లకు వాడుకోవాలి.

ముందుగా, ఈ తొలగింపులు అతని పనితనంపై తీర్పు కావని అతనికి నమ్మకం కలగాలి. ఆస్తి, వాహన బీమా కంపెనీలు తమ ఆరోగ్యాన్ని కంబైన్డ్ రేషియో అనే లెక్కతో చూసుకుంటాయి. 100 డాలర్ల ప్రీమియంలో క్లెయిములకూ నిర్వహణ ఖర్చులకూ కలిపి ఎంత పోయిందన్నదే ఆ లెక్క, అది 100 దాటితే బీమా వ్యాపారంలో నష్టం వచ్చినట్టు. కోవిడ్ తర్వాత కారు విడిభాగాలు, మరమ్మతు కూలీ, ఇళ్ల నిర్మాణ ఖర్చు ఒక్కసారిగా పెరగడంతో, వడగళ్లు, తుపానులు, కార్చిచ్చుల నష్టాలు కూడా తోడవడంతో అమెరికాలో చాలా కంపెనీలకు ఆ లెక్క అదుపు తప్పింది. స్టేట్ ఫార్మ్ ఒక్కటే 2023లో ఆస్తి, వాహన బీమాలో 1,410 కోట్ల డాలర్ల అండర్‌రైటింగ్ నష్టం, అంటే బీమా వ్యాపారంలో నష్టం చూపింది. క్లెయిములు ఎగ్గొట్టడం కుదరదు. ప్రీమియం పెంచాలంటే చాలా రాష్ట్రాల్లో నియంత్రణ అధికారులను ఒప్పించాలి, ఒప్పించినా పాలసీలు రెన్యూవల్‌కు వచ్చేదాకా కొత్త రేటు చేతికి రాదు. ఇక యాజమాన్యం వెంటనే కోయగలిగింది జీతాల ఖర్చే. 2023 ఆగస్టులో ఫార్మర్స్ అనే బీమా సంస్థ 2,400 మందిని, అంటే తన ఉద్యోగుల్లో దాదాపు 11 శాతాన్ని తొలగించింది. అదే ఏడాది అక్టోబరులో గైకో సుమారు 2,000 మందిని పంపేసింది. లాభాలున్నప్పుడు ఇలా జరగదనుకోవడానికి కూడా లేదు, ఎందుకంటే ఆల్‌స్టేట్ 2020లో లాభాల్లో ఉండగానే ధరలు తగ్గించుకునే ప్రణాళిక పేరుతో 3,800 ఉద్యోగాలకు కోత ప్రకటించింది.

ఆఫీసుకు రమ్మనడం గురించి మీ అబ్బాయి పడుతున్న బాధ కూడా కొత్తది కాదు. ఫార్మర్స్‌లో పాత యాజమాన్యం ఇచ్చిన వెసులుబాటును నమ్మి ఇళ్లు, కార్లు అమ్ముకుని దూరప్రాంతాలకు మారిన ఉద్యోగులు, 2023లో కొత్త సీఈవో వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలనేసరికి సంస్థ అంతర్గత వేదికపైనే బాహాటంగా మండిపడ్డారు. కొన్ని నెలలకే అక్కడ లేఆఫ్‌లు వచ్చాయి. ఆ రెంటికీ సంబంధముందని నేననను. కానీ ఇలాంటి సమయంలో కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్‌లో, కంపెనీ చాట్‌లో రాసే ప్రతి మాటా భద్రంగా నిల్వ ఉంటుంది కాబట్టి, మీ అబ్బాయి తన ఆవేశాన్ని ఇంట్లోనో, బయటి స్నేహితుల వద్దో వెళ్లగక్కడమే క్షేమం.

ఇక అసలు విషయానికి వద్దాం. రాజీనామా చేసినా, కంపెనీ తొలగించినా, హెచ్-1బి ఉద్యోగికి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే ఐ-94 రికార్డు గడువు అంతకంటే ముందే ముగిస్తే గడువు కూడా అక్కడితోనే ముగుస్తుంది. ఆ 60 రోజులు సాధారణంగా జీతం చెల్లించిన చివరి రోజు మర్నాటి నుంచి లెక్కకు వస్తాయి. తేడా అంతా ఇక్కడే ఉంది. రాజీనామా చేసినవారికి రెండు వారాల నోటీసు ముగియగానే లెక్క మొదలవుతుంది. తొలగించేటప్పుడు మాత్రం పెద్ద కంపెనీలు చాలాసార్లు పని అప్పగించకుండా కొన్ని వారాలు జీతాల పట్టికలో ఉంచుతాయి, ఆ తర్వాత సెవరెన్స్ ప్యాకేజీ (తొలగించినందుకు ఇచ్చే పరిహారం) ఇస్తాయి. అంటే ఉద్యోగం వెతుక్కోవడానికి అన్ని వారాలు అదనంగా దొరుకుతాయి. అయితే ఒకేసారి ముట్టజెప్పే సెవరెన్స్ సొమ్ము వేరు, నెలనెలా కొనసాగే జీతం వేరు. చేతికిచ్చే కాగితంలో ఉద్యోగం ముగిసిన తేదీ ఏదని రాశారో చూసుకున్నాకే రోజులు లెక్కపెట్టాలి. అమెరికా ఫెడరల్ చట్టం సెవరెన్స్ ఇచ్చి తీరాలని ఎక్కడా చెప్పదు, అది కంపెనీ విధానాన్ని బట్టి వచ్చేది. సొంతంగా వెళ్లిపోయేవారికి మామూలుగా అది రాదు. వీసా గడువుకు ముందే యజమాని తొలగిస్తే ఉద్యోగి స్వదేశానికి తిరిగి వెళ్లేందుకు సమంజసమైన ప్రయాణ ఖర్చు యజమానే భరించాలి. రాజీనామా చేస్తే ఆ హక్కు కూడా పోతుంది.

ముందస్తు నోటీసు వస్తుందిలే అన్న ధీమా మాత్రం పనికిరాదు. వార్న్ అనే ఫెడరల్ చట్టం పెద్ద ఎత్తున తొలగింపులకు 60 రోజుల నోటీసు అడుగుతుందన్నది నిజమే. కానీ సామూహిక తొలగింపు కింద లెక్కకు రావాలంటే ఒకే ప్రదేశంలో కనీసం 500 మంది పోవాలి, లేదా కనీసం 50 మంది పోతూ వారు అక్కడి సిబ్బందిలో మూడో వంతైనా ఉండాలి. ఇల్లినాయ్ సొంత చట్టంలో ఆ 500 స్థానంలో 250 ఉంటుంది. వేలమంది పనిచేసే ప్రాంగణంలో రెండు వందల మందిని తీసేస్తే ఈ రెండు చట్టాలూ వర్తించకపోవచ్చు. అందుకే ఉదయం పదింటికి పదిహేను నిమిషాల మీటింగ్ ఆహ్వానం, అందులో హెచ్‌ఆర్ నుంచి తెలియని పేరు ఒకటి, మధ్యాహ్నానికి లాప్‌టాప్ లాక్ అనే పద్ధతిలో చాలామందికి కబురు అందుతుంది.

ఐ-140 ఆమోదం వచ్చి 180 రోజులు దాటిందంటే మీ అబ్బాయి చేతిలో విలువైన ఆస్తి ఉన్నట్టే. కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా అతని ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డ్ వరుసలో స్థానాన్ని నిర్ణయించే తేదీ) పోదు, ఆరేళ్లు దాటిన హెచ్-1బి పొడిగింపుకు కూడా అది ఆధారంగా నిలుస్తుంది. కొత్త యజమాని గ్రీన్‌కార్డ్ ప్రక్రియను మళ్లీ మొదటి నుంచి నడపాలి, కానీ వరుసలో అతని స్థానం పాతదే. 60 రోజుల లోపు కొత్త కంపెనీ పిటిషన్ దాఖలు చేస్తే, ఆమోదం కోసం ఎదురుచూడకుండానే పనిలో చేరవచ్చు. కోడలి హెచ్-4, ఆమె ఉద్యోగ అనుమతి కూడా మీ అబ్బాయి స్థితిపైనే ఆధారపడి ఉన్నాయి. కాబట్టి అతని రాజీనామాతో ఒకటి కాదు, రెండు జీతాలు ప్రమాదంలో పడతాయి.

"ఇప్పుడు వచ్చేసి, తర్వాత మళ్లీ వెళ్తాను" అని అతను అనుకుంటుంటే ఒక సంగతి చెప్పండి. 2025 సెప్టెంబరు 21 నుంచి దాఖలయ్యే కొత్త హెచ్-1బి పిటిషన్లకు, లబ్ధిదారు అమెరికా బయట ఉండి, చెల్లుబాటయ్యే హెచ్-1బి వీసా లేకపోతే, యజమాని లక్ష డాలర్లు చెల్లించాలని అధ్యక్షుడి ప్రకటన వచ్చింది. దేశంలోనే ఉండి, వీసా స్థితి కాపాడుకుంటూ కంపెనీ మారేవారికి అది వర్తించదని ఇమిగ్రేషన్ విభాగం ఆ తర్వాత స్పష్టం చేసింది. ఈ నిబంధనలు తరచూ మారుతున్నాయి, వీటిపై కోర్టు వ్యాజ్యాలు కూడా నడిచాయి. అందువల్ల టికెట్ కొనేముందు కంపెనీ న్యాయవాదిని కాకుండా, తన డబ్బుతో తాను పెట్టుకున్న ఇమిగ్రేషన్ న్యాయవాదిని ఒక గంట సంప్రదించమనండి. కంపెనీ న్యాయవాది కంపెనీ పక్షానే ఆలోచిస్తారు.

కేటీ విషయంలో అతని అవమానం నాకు అర్థమవుతుంది. తన పని చేయడానికి వచ్చేవారికి తానే నేర్పించడం కంటే కష్టమైన పని ఉద్యోగంలో ఇంకొకటి ఉండదు. అయినా దాన్ని సగం సగంగా ఇవ్వడం, కావాలని కొంత దాచడం తగదు. అవతల హైదరాబాద్‌లో కూర్చుని నేర్చుకుంటున్న పాతికేళ్ల పిల్లవాడు కూడా మన గుంటూరు వాడో, ఖమ్మం వాడో అయి ఉంటాడు, ఈ నిర్ణయంలో అతని ప్రమేయం ఏమీ లేదు. పైగా కేటీ కోసం తయారుచేసే ప్రతి పత్రం మీ అబ్బాయికి తనకు నిజంగా ఏమి తెలుసో గుర్తుచేస్తుంది. ఆ పత్రాలను సొంత మెయిల్‌కు పంపుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు, అలా చేస్తే తొలగింపు కాస్తా క్రమశిక్షణ చర్యగా మారి సెవరెన్స్ కూడా పోవచ్చు. రాత్రి ఇంటికొచ్చాక, కంపెనీ రహస్యాలు రాకుండా, తాను చేసిన పనిని తన మాటల్లో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు.

ఎందుకంటే ఇలాంటి ఉద్యోగుల రెజ్యూమేల్లో నేను తరచూ చూసే లోపం ఒకటుంది. జావా, ఎస్‌క్యూఎల్, గైడ్‌వైర్ అని పరికరాల పేర్లు వరుసగా రాస్తారు తప్ప, బీమా పని తెలుసని ఎక్కడా కనిపించనివ్వరు. వడగళ్లకు ఇంటి పైకప్పు దెబ్బతింటే డిడక్టిబుల్ (నష్టంలో పాలసీదారు తానే భరించాల్సిన భాగం) ఒక స్థిర మొత్తంగా కాక ఇంటి బీమా విలువలో శాతంగా ఉండే పాలసీలు చాలా ఉన్నాయి. అలాంటి క్లెయిమ్ వచ్చినప్పుడు సిస్టమ్ ఆ శాతాన్ని ఎలా లెక్కగట్టాలి, తరుగుదల సొమ్మును మొదట ఆపి మరమ్మతు పూర్తయ్యాక ఎలా విడుదల చేయాలి, ఒకే తుపానుకు చెందిన వేల క్లెయిములను ఒకే ఘటన కింద ఎలా చేర్చాలి అన్నది మీ అబ్బాయికి కరతలామలకం అయి ఉంటుంది. కోడింగ్ తెలిసినవారు లక్షల్లో ఉన్నారు, ఇది కూడా తెలిసినవారు అంతమంది లేరు. రెజ్యూమేలో పై సగం దీనికి కేటాయించమనండి. ఒకచోట కోతలు పడుతున్నాయని రంగమంతా మూతపడుతోందనుకోవడం కూడా పొరపాటే, ప్రోగ్రెసివ్ సంస్థ 2025లో 12,000 మందికి పైగా తీసుకుంటామని ప్రకటించింది. వాటిలో ఎక్కువ భాగం క్లెయిమ్స్, కాల్ సెంటర్ ఉద్యోగాలే గనుక అవన్నీ మీ అబ్బాయికి సరిపడవు. కానీ బీమా కంపెనీలకే బీమా ఇచ్చే రీ-ఇన్సూరెన్స్ సంస్థలు, బీమా సాఫ్ట్‌వేర్ తయారీదారులు, వారి కన్సల్టింగ్ భాగస్వాములు అతను చూడదగినవే.

తిరిగి వచ్చేయడం చెడ్డ నిర్ణయమని నేను అనడం లేదు. మాస్‌మ్యూచువల్, ది హార్ట్‌ఫర్డ్ వంటి అమెరికన్ బీమా సంస్థలకు హైదరాబాద్‌లో సొంత కేంద్రాలున్నాయి, అమెరికాలో క్లెయిమ్స్ పని దగ్గరుండి చూసినవారికి అక్కడ గౌరవమైన స్థానం దొరికే అవకాశం ఉంది. ప్రస్తుత కంపెనీలోనే హైదరాబాద్‌కు బదిలీ అడగవచ్చు, అయితే ముందు హెచ్‌ఆర్‌ను కాకుండా అక్కడి టీమ్ పెద్దను పలకరించడం మంచిది. వస్తే ఆఫర్ లెటర్ చేతిలో ఉండగా, మనవడి విద్యాసంవత్సరం ముగిశాక, బోనస్ చేతికొచ్చాక రావాలి. చాలా కంపెనీల్లో బోనస్ చెల్లించే రోజుకు ఉద్యోగంలో ఉంటేనే అది వస్తుంది, 401(కె) అనే పదవీ విరమణ పొదుపు పథకంలో కంపెనీ వాటా ఎంతవరకు తన పేరున స్థిరపడిందో కూడా ముందే చూసుకోవాలి.

ఇక మీ వంతు. మీరు ప్రతి రాత్రి ఫోన్ చేసి "ఏమైంది నాయనా, ఉందా పోయిందా" అని అడుగుతున్నట్టు మీ ఉత్తరంలో రాశారు. ఆ ప్రశ్న ప్రేమతోనే అడుగుతున్నారు, కానీ పగలంతా అదే మాట వింటున్నవాడికి రాత్రి కూడా అదే వినిపిస్తే నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది? వారానికొక రోజు దీని గురించి మాట్లాడుకుందామని ఒప్పందం చేసుకోండి, మిగతా రోజుల్లో మనవడితో మాట్లాడండి. ఉద్యోగం పోతే బంధువులకు ఏమి చెప్పాలన్న బెంగ అతనికి మీ వల్ల కలగకూడదు. ఇంటి వాయిదాలు కట్టడానికి మీ పెన్షన్ నుంచి కొన్ని నెలలు సాయపడగలిగితే, ఆ మొత్తం ఎంతో ఇప్పుడే అతనికి చెప్పండి. ఎన్ని నెలలు నెట్టుకురాగలనో తెలిసినవాడు కంగారుపడి సంతకాలు చేయడు. నిద్ర పట్టకపోవడం, చిరాకు ఇంకా ముదిరితే కంపెనీ ఉద్యోగులకిచ్చే కౌన్సెలింగ్ సదుపాయాన్ని ఇప్పుడే వాడుకోమనండి. ఆరోగ్య బీమా విషయానికొస్తే, ఉద్యోగం పోయాక కోబ్రా అనే చట్టం కింద 18 నెలల దాకా కొనసాగించుకోవచ్చు గాని, అప్పటిదాకా కంపెనీ కట్టిన వాటా కూడా సాధారణంగా తానే కట్టుకోవాలి. అందువల్ల పళ్లు, కళ్లు, మనవడి టీకాలు వంటివి ఇప్పుడే చూపించుకోవడం తెలివైన పని.

మీ అమ్మాయిని ఆపకండి. అన్న చేస్తున్నది బీమా కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని, ఆమె కోరుకుంటున్నది బీమా రేట్లు ఎంత ఉండాలో, నిధులు ఎంత పక్కన పెట్టాలో లెక్కగట్టే వృత్తి. కంపెనీ నష్టపోయినప్పుడు ఆ లెక్కలు వేసేవారి అవసరం తగ్గకపోగా పెరుగుతుంది. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆక్చూరీస్ ఆఫ్ ఇండియా నిర్వహించే ఏసెట్ ప్రవేశ పరీక్షతో మొదలుపెట్టమనండి, స్టాటిస్టిక్స్ చదివినవారికి అందులో సగం పాఠ్యాంశాలు పరిచయమైనవే. అసలు కష్టం ఆ తర్వాతి పేపర్లలో ఉంది, అన్నీ పూర్తికావడానికి చాలామందికి ఏళ్లు పడుతుంది, మధ్యలో మానేసేవారే ఎక్కువ. కాబట్టి రెండు, మూడు పేపర్లు పాసవగానే ఏదైనా బీమా సంస్థలో గాని, కన్సల్టింగ్ సంస్థలో గాని చేరి, పనిచేస్తూ మిగతావి రాసుకోవడం మేలు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇన్సూరెన్స్ అండ్ రిస్క్ మేనేజ్‌మెంట్ రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నందున, శిక్షణకైనా ఇంటర్న్‌షిప్‌కైనా ఆమె మొదట ప్రయత్నించాల్సింది అక్కడే.