అమెరికాలో కథారచన నేర్పే ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ ఉండాలా?

అక్కర్లేదు, ఎంఎఫ్ఏ (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) లాంటి రచనా పట్టా, పేరున్న ప్రచురణ సంస్థ వేసిన పుస్తకం ఉంటే చాలా యూనివర్సిటీలు అర్హతగా ఒప్పుకుంటాయి.

సృజనాత్మక రచనలో ఎంఎఫ్ఏను అక్కడ ఆఖరి డిగ్రీగానే, అంటే ఆ రంగంలో అన్నిటికన్నా పై పట్టాగానే లెక్కిస్తారు. రెండు మూడేళ్ల చదువు, సిద్ధాంత గ్రంథం బదులు కథల సంపుటో నవలో రాసివ్వాలి. క్లాసు నడిచే తీరు కూడా వేరు. ఒకరి కథను అందరూ ముందే చదివి, మార్జిన్లలో గుర్తులు పెట్టుకొచ్చి, ఏ పేరాలో పట్టు సడలిందో చెబుతారు. రాసి, కొట్టేసి, మళ్లీ రాసిన అనుభవం ఉన్నవాళ్లే దాన్ని సరిగ్గా నడపగలరు.

అమెరికన్ కథా రచయిత జార్జ్ సాండర్స్‌నే చూడండి. 1981లో జియోఫిజికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి సుమత్రాలో చమురు అన్వేషణలో పనిచేశారు. 1988లో సిరక్యూస్ యూనివర్సిటీలో రచనలో పీజీ చేశారు. ఆపైన రోచెస్టర్‌లో టెక్నికల్ రైటర్‌గా ఉద్యోగం చేస్తూనే కథలు రాశారు. మొదటి సంపుటి 1996లో వచ్చింది, 1997 నుంచి సిరక్యూస్‌లోనే పాఠాలు చెబుతున్నారు.

బుకర్ లాంటి బహుమతి వస్తేనే ఈ పదవి దక్కుతుందనుకోవడం అపోహ. ఆయనకు బుకర్ వచ్చింది 2017లో. అలాగని పట్టా ఒక్కటే సరిపోదు. పుస్తకం లేనివాళ్లు ఎక్కువగా తాత్కాలిక కొలువుల దగ్గరే ఆగిపోతారు.