టెక్ సందేహాలు: మీటర్ చెడిందా, మనిషి చెడ్డాడా?

ప్రశ్న: మాకు ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలు ఉన్నాయి. కరెంటు పోతే ఏరియేటర్ల (నీళ్లలో గాలి కలిపే యంత్రాల) కోసం 62.5 కేవీఏ జనరేటర్ వేస్తాం. డీజిల్ ఆయిల్ లెక్క ఫోన్‌లో కనపడాలని ఇంజన్‌కు వెళ్లే పైపుకు ఒక ఫ్లో మీటర్, ట్యాంకుకు తిరిగొచ్చే రిటర్న్ పైపుకు ఇంకో ఫ్లో మీటర్ బిగించాం. మొదటిది గంటకు 60 లీటర్లు చూపిస్తుంది, రెండోది 48. అంటే ఖర్చు 12 లీటర్లు. మొన్న రాత్రి ఎనిమిది గంటలు నడిచింది. యాప్ లెక్కలో 96 లీటర్లు కావాలి, ట్యాంకులో చూస్తే 106 లీటర్లు తగ్గింది. వాచ్‌మన్ మీద అనుమానంగా ఉంది. మీటర్లు టెంపరేచర్ కూడా చూపిస్తాయి: వెళ్లే ఆయిల్ 35 డిగ్రీలు, తిరిగొచ్చేది 65.

జవాబు: వాచ్‌మన్‌ను ఇప్పుడే ఏమీ అనకండి. మీరు చివర్లో రాసిన ఆ రెండు టెంపరేచర్లలోనే జవాబు ఉంది.

డీజిల్ వేడెక్కితే ఉబ్బుతుంది. బరువు మారదు, లీటర్లు పెరుగుతాయి. ఇంజన్ తాగినంత తాగి, మిగతా ఆయిల్‌ను వేడి చేసి వెనక్కి పంపుతుంది. ఆ వేడి ఆయిల్ 48 లీటర్లు అంటే, చల్లారాక 48 ఉండదన్నమాట. మీరు చల్లని లీటర్లలోంచి వేడి లీటర్లను తీసేస్తున్నారు. అందుకే లీటర్లను పక్కనపెట్టి కిలోల్లో లెక్క చూద్దాం.

మీ డీజిల్ సాంద్రత 15 డిగ్రీల దగ్గర లీటరుకు 0.835 కిలోలు అనుకుందాం. వేడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ ఇందులో సుమారు 0.0007 తగ్గుతుంది. ఆ లెక్కన 35 డిగ్రీల దగ్గర 0.821, 65 డిగ్రీల దగ్గర 0.800. వెళ్లింది 60 × 0.821, అంటే 49.26 కిలోలు. తిరిగొచ్చింది 48 × 0.800, అంటే 38.40 కిలోలు. తేడా గంటకు 10.86 కిలోలు. దీన్ని మళ్లీ 35 డిగ్రీల లీటర్లలోకి మారిస్తే 13.2 లీటర్లు. ఎనిమిది గంటలకు 106. మీ ట్యాంకు చెప్పింది కూడా అదే.

సాంద్రతలో తేడా రెండున్నర శాతమే కదా, లెక్కలో పది శాతం ఎలా వచ్చిందని అడుగుతారేమో. ఒక పెద్ద అంకెలోంచి ఇంకో పెద్ద అంకెను తీసేసి, మిగిలిన చిన్న అంకెను చూస్తున్నాం. 48లో వచ్చిన కొద్దిపాటి తప్పంతా 12 మీద పడుతుంది. మీటర్ల తప్పుకూ ఇదే వర్తిస్తుంది. ఒక్కోటి ఒక శాతం అటూఇటూ చూపినా, రెండూ ఎదురెదురు దిశల్లో తప్పితే తేడాలో లీటరు దాకా పోతుంది. కాబట్టి ఒకరోజు రెండు మీటర్లనూ ఒకే పైపులో, ఒకదాని వెనక ఒకటి బిగించి చూడండి. రెండూ ఒకే అంకె చూపించాలి. చూపించకపోతే ఆ తేడాను యాప్‌లో సరిచేయండి. అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఇదే, కానీ దాదాపు ఎవరూ చేయరు.

సాంద్రత ఎక్కడ దొరుకుతుందంటారా? బంకులో అడగండి. పంపు దగ్గర చూపించే డెన్సిటీ 15 డిగ్రీలకు లెక్కకట్టినదే. డెన్సిటీ కొలిచే హైడ్రోమీటర్, థర్మామీటర్, 500 మిల్లీలీటర్ల జాడీ బంకులో ఉండాలి, కొలిచి చూపించమని అడిగే హక్కు మీకుంది.

ఇంకో మాట. జనరేటర్ బాగా పనిచేస్తోందా అని చూడటానికి కూడా కిలోలే కావాలి. ఇంజన్ కేటలాగ్‌లో ఖర్చు కిలోవాట్ అవర్‌కు ఇన్ని గ్రాములు అని ఉంటుంది, లీటర్లలో కాదు. ప్యానెల్ మీద లోడు 45 కిలోవాట్లు ఉంటే, 10,860 గ్రాములను 45తో భాగించండి. 241 వస్తుంది. కేటలాగ్‌లో 215 ఉంటే కంగారుపడొద్దు. అది ఇంజన్ షాఫ్ట్ దగ్గరి లెక్క. ఆ శక్తిని కరెంటుగా మార్చే ఆల్టర్నేటర్ పదో వంతు దాకా మింగుతుంది, 215ను 0.9తో భాగిస్తే 239. మీ ఇంజన్ బాగానే ఉంది.

ట్యాంకును తెల్లవారాక, చల్లారనిచ్చి కొలవండి. రిటర్న్ ఆయిల్‌తో ట్యాంకు కూడా వేడెక్కుతుంది. అప్పుడే పుల్ల ముంచితే ఆయిల్ ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది.

ప్రశ్న: ఫ్లో సెన్సర్ నేనే కొని బిగించుకోవచ్చా? ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందలకే ఉన్నాయి. (అల్లూరు)

జవాబు: నీళ్ల కోసం అమ్మే వైఎఫ్-ఎస్201 గురించే అడుగుతున్నట్టున్నారు. అది నిమిషానికి 1 నుంచి 30 లీటర్ల దాకా కొలుస్తుంది. చిన్న జనరేటర్ గంటకు పన్నెండు లీటర్లు తాగితే నిమిషానికి 0.2 లీటరే. ఆ ప్రవాహానికి లోపలి చక్రం సరిగా తిరగదు. పైగా అది డీజిల్‌కు చేసింది కాదు. లోపల గుడ్డు ఆకారపు గేర్లు తిరిగే ఓవల్ గేర్ మీటర్ తీసుకోండి. బరువునే నేరుగా కొలిచే కోరియాలిస్ మీటర్లూ ఉన్నాయి గానీ, వాటి ధర వింటే మీరు మళ్లీ పుల్లే ముంచుతారు.

ప్రశ్న: చీమకుర్తి క్వారీకి 3,000 లీటర్ల డీజిల్ తీసుకెళ్తున్నాం. కన్వర్టర్ యాప్ 3,000 కిలోలు అంటోంది. నిజమేనా?

జవాబు: అది నీళ్ల లెక్క. 40 డిగ్రీల ఎండలో ఆ డీజిల్ సుమారు 2,450 కిలోలు ఉంటుంది. మీకు ఇది చిన్న పొరపాటే, కానీ 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767కు ప్రాణాల మీదకు వచ్చింది. దానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. లీటర్లను కిలోలుగా మార్చేటప్పుడు 0.8 బదులు 1.77తో హెచ్చించారు. 1.77 అనేది లీటరుకు పౌండ్ల లెక్క. కావలసినదాంట్లో సగం కన్నా తక్కువ ఇంధనంతో బయల్దేరి, గాల్లో రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్లు దాన్ని గాలిపటంలా దించి కెనడాలోని గిమ్లీ దగ్గర పాత రన్‌వే మీద ఆపారు. అందరూ బతికారు.

ప్రశ్న: ఒంగోలులో ఉంటాను. నా పెట్రోల్ కారుకు ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్ లెక్కలను ఫోన్‌కు పంపే పరికరం) పెట్టాను. యాప్ మాస్ ఎయిర్ ఫ్లో సెకనుకు 2.5 గ్రాములు అంటోంది. లీటర్లు ఎలా తెలుస్తాయి?

జవాబు: అది ఇంజన్ పీల్చే గాలి బరువు. మామూలు పెట్రోల్‌కు 14.7 గ్రాముల గాలికి ఒక గ్రాము ఇంధనం పడుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే, 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20కి ఆ అంకె సుమారు 13.5. 2.5ను 13.5తో భాగించి 3,600తో హెచ్చిస్తే గంటకు 667 గ్రాములు. లీటరుకు 750 గ్రాముల చొప్పున 0.89 లీటర్లు. చాలా యాప్‌లలో ఇంకా 14.7 ఉంటుంది, సెట్టింగ్స్‌లో మార్చుకోండి. డీజిల్ కారుకు మాత్రం ఈ లెక్క వాడొద్దు. డీజిల్ ఇంజన్ ఎప్పుడూ అవసరానికి మించి గాలి పీలుస్తుంది, ఎంత ఎక్కువో లోడును బట్టి మారుతూ ఉంటుంది.