పాయింట్లతో కాశీ టికెట్లు: పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. గుంటూరులో మీరంతా క్షేమమని తలుస్తాను.

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. క్రెడిట్ కార్డులో పాయింట్లు బాగా పోగయ్యాయని, వాటితో మీ అత్తగారినీ మామగారినీ కాశీ తీసుకెళ్ళాలని ఉందని చెప్పావు. వినగానే సంతోషం వేసింది. ఈ పాయింట్లకు ఎన్ని బెర్తులు వస్తాయి పెదనాన్నా అని అడిగావు. ఆ లెక్క తర్వాత చూద్దాం. ముందు ఒక కాగితం తీసుకుని, మీ ఆరుగురిలో ఎవరు ఏ బెర్తులో పడుకోవాలో రాసుకో. రిజర్వేషన్ కౌంటర్లో కూర్చుని ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, టికెట్ దొరికినా ప్రయాణం పాడయ్యేది చాలాసార్లు ఇక్కడే. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి మిడిల్ బెర్తు వచ్చిందంటే, ఆ టికెట్ ఉచితంగా వచ్చినా ఆవిడకు సుఖం లేదు.

మీ అత్తగారికి లోయర్ తప్పనిసరి. మామగారికి కూడా లోయరే వస్తే మంచిది, రాత్రిళ్ళు లేవాల్సి వస్తుంది కదా. పెద్దాడికి ఏడేళ్ళు. ఐదు నిండి పన్నెండు నిండని పిల్లలకు బెర్తు వద్దనుకుంటే సగం ఛార్జీ, బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ. విజయవాడ నుంచి కాశీ అంటే ఒక రోజు దాటే ప్రయాణం, సగం ఛార్జీ మిగులుతుందని వాడికి బెర్తు మానొద్దు. చిన్నదానికి ఇంకా ఐదు నిండలేదు కాబట్టి టికెట్ అక్కర్లేదు, నీ పక్కనే పడుకుంటుంది. అంటే నీకూ లోయర్ ఉంటేనే నయం. అల్లుడు, పెద్దాడు పైకి ఎక్కుతారు. మొత్తం ఐదు బెర్తులు, అందులో మూడు కిందివి.

ఒక టికెట్ మీద ఆరుగురిదాకా బుక్ చేయొచ్చు కదా అని అందరూ ఐదుగురినీ ఒకే టికెట్ మీద వేస్తారు. నువ్వు అలా చేయొద్దు. అరవై దాటిన మగవాళ్ళకు, నలభై ఐదు దాటిన ఆడవాళ్ళకు కోచ్‌లో కొన్ని కింది బెర్తులు విడిగా ఉంచుతారు. రైలు టికెట్ల సైట్ ఐఆర్‌సీటీసీలో కోటా అని ఉన్నచోట లోయర్ బెర్త్, సీనియర్ సిటిజన్ అని కనిపిస్తుంది. ఆ కోటా వర్తించాలంటే టికెట్ మీద ఒకరో ఇద్దరో మాత్రమే ఉండాలి. కాబట్టి అత్తగారు, మామగారు ఒక టికెట్, మీరు ముగ్గురు మరో టికెట్. మీ టికెట్ చేసేటప్పుడు కనీసం ఒక లోయర్ బెర్తు వస్తేనే బుక్ చెయ్యి అనే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టు. రెండు టికెట్లూ ఒకే కోచ్‌లో పడకపోవచ్చు. దానికి టెన్షన్ పడకు. పక్క కోచ్‌లోకి మీరు వెళ్ళి చూసిరావచ్చు, లేదా రైలెక్కాక ఎవరినైనా అడిగి బెర్తు మార్చుకోవచ్చు. పెద్దవాళ్ళకు కింది బెర్తు చేతిలో ఉండటం ముఖ్యం. వాళ్ళ టికెట్‌కు ఆటో అప్‌గ్రేడేషన్ ఒప్పుకోవద్దు. పై తరగతికి వెళ్ళి అప్పర్ బెర్తు వస్తే మనకు ఏం లాభం? ఇంకోమాట, సీనియర్ సిటిజన్లకు ఛార్జీలో ఉండే రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది. మామగారు దాన్ని మనసులో పెట్టుకుని బడ్జెట్ వేసి ఉంటే ముందే చెప్పు.

ఇక పాయింట్ల సంగతి. ముందు నీ పాయింటు విలువెంతో తేల్చుకో. అన్ని కార్డుల పాయింట్లూ ఒకటి కాదు. ఐఆర్‌సీటీసీ పేరు మీద వచ్చే ఎస్‌బీఐ కార్డులో ఒక పాయింటు రైలు టికెట్‌కు ఒక రూపాయి. మామూలు కార్డుల్లో పాయింటు పావలా పలికేవి చాలా ఉన్నాయి. నీ దగ్గర ఎనిమిది వేల పాయింట్లున్నాయనుకో, మొదటి రకమైతే ఎనిమిది వేల రూపాయలు, రెండో రకమైతే రెండు వేలే. స్క్రీన్ మీద అంకె పెద్దదిగా కనిపిస్తుంది, దాన్ని చూసి లెక్క వేయొద్దు. ఎన్ని పాయింట్లకు ఎన్ని రూపాయలు తగ్గుతున్నాయో భాగించి చూస్తే సరిపోతుంది. అదే కార్డు పాయింట్లకు షాపింగ్ వోచర్ తీసుకుంటే ఒక విలువ, ప్రయాణానికి వాడితే ఒక విలువ కూడా ఉండొచ్చు. వోచర్ దగ్గరే ఎక్కువ వస్తుంటే ఇంటి సరుకులకు వోచర్ వాడేసి, ఆ మిగిలిన డబ్బుతో టికెట్ కొను. పాయింట్లతో రైలు టికెట్టే కొనాలనే పట్టుదల అక్కర్లేదు.

బ్యాంకువాళ్ళను ఫోన్ చేసి అడగాల్సినవి మూడు ఉన్నాయి. టికెట్ ధరలో కొంత పాయింట్లతో, కొంత డబ్బుతో కట్టనిస్తారా, లేక మొత్తానికీ సరిపడా పాయింట్లు ఉండాలా? టికెట్ రద్దు చేస్తే పాయింట్లు తిరిగొస్తాయా, ఎన్నాళ్ళకు? ఈ పాయింట్లకు గడువు ఎప్పటిదాకా? జవాబులు ఫోన్లో విని ఊరుకోకుండా ఈమెయిల్‌లో కూడా తెప్పించుకో.

నేను గట్టిగా చెప్పే మాట, కాశీ టికెట్టే నీ మొదటి పాయింట్ల టికెట్ కాకూడదు. ఇప్పుడే, తొందరేమీ లేని రోజున, చిన్న ప్రయాణానికి ఒక టికెట్ పాయింట్లతో చేసి చూడు. కార్డు ఐఆర్‌సీటీసీ ఖాతాకు కలిసిందో లేదో, పేరు రెండు చోట్లా ఒకేలా ఉందో లేదో, ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తుందో, ఎన్ని పేజీలు దాటాలో అన్నీ తెలిసిపోతాయి. కార్డు అల్లుడి పేరు మీద, ఐఆర్‌సీటీసీ ఖాతా నీ పేరు మీద ఉన్నాయంటే అక్కడే చిక్కు రావచ్చు. అది ఉదయం ఎనిమిదింటికి తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు.

ఎనిమిది గంటలంటే గుర్తొచ్చింది. రిజర్వేషన్ ఇదివరకు నాలుగు నెలల ముందే తెరిచేవారు. 2024 నవంబరు 1 నుంచి అది 60 రోజులకు తగ్గింది, ప్రయాణం రోజును లెక్కలోకి తీసుకోరు. ఉదాహరణకు నవంబరు 20న బయలుదేరాలంటే సెప్టెంబరు 21న ఉదయం 8 గంటలకు తెరుస్తారు. 26న తిరుగు ప్రయాణమైతే దానికి సెప్టెంబరు 27. అంటే ఆరు రోజుల పాటు మీకు వెళ్ళే టికెట్ ఉండి, వచ్చే టికెట్ ఉండదు. అందుకని పాయింట్లన్నీ మొదటి రోజే ఖర్చుపెట్టేయకు. నీ కార్డు పాయింట్లు బిల్లు వచ్చాకే ఖాతాలో పడేవైతే, ఆ తేదీకి ముందు బిల్లులో పడ్డవే నీవి. అప్పటికి కొన్ని తక్కువ పడ్డాయని అక్కర్లేని వస్తువులు కొనడం మొదలుపెట్టకు తల్లీ. కార్డు బాకీ మీద వడ్డీ చాలా కార్డులకు ఏడాదికి 40 శాతం దాటుతుంది. బిల్లు పూర్తిగా కట్టకపోతే ఈ పాయింట్ల లాభం ఆ వడ్డీలోనే కరిగిపోతుంది.

నీ ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ఈ వారమే చేయించుకో. 2025 జూలై 1 నుంచి తత్కాల్‌కు అది తప్పనిసరి, ఆ ఏడాది అక్టోబరు నుంచి మామూలు రిజర్వేషన్ తెరిచిన తొలి నిమిషాలకూ పెట్టారు, తర్వాత ఆ వ్యవధి ఇంకా పెంచారు. ఐదుగురి పేర్లు, వయసులు మాస్టర్ లిస్ట్‌లో ముందే ఎక్కించి ఉంచు. ఆ తొందరలో పేర్లు టైపు చేస్తూ కూర్చుంటే బెర్తులు వెళ్ళిపోతాయి.

పాయింట్లు ఏ టికెట్‌కు వాడాలి? మీ ముగ్గురి టికెట్‌కు వాడు, పెద్దవాళ్ళ టికెట్ డబ్బుతో కొను. వినడానికి అత్తగారి టికెట్ నేను పాయింట్లతో చేయించాను అని చెప్పుకోవడం బాగుంటుంది, తెలుసు. కానీ ఒంట్లో బాగోలేక మారాల్సి వస్తే మారేది వాళ్ళ టికెట్టే. డబ్బుతో కొన్నది రద్దు చేస్తే కోత పోను మిగిలింది ఖాతాలో పడుతుంది, ఎప్పుడు ఎంత అనేది స్పష్టం. ముందుగా రద్దు చేస్తే కోత తక్కువ, ఆలస్యమైన కొద్దీ పెరుగుతుంది. పాయింట్ల టికెట్ రద్దయితే ఏమవుతుందో బ్యాంకు జవాబు వచ్చేదాకా నీకు తెలియదు. ఆ రిస్కు కచ్చితంగా వెళ్ళేవాళ్ళ మీదే పెట్టు. వెయిటింగ్ లిస్టుకు మాత్రం పాయింట్లు అస్సలు పెట్టకు. మనం బుక్ చేసేది మధ్య స్టేషన్ నుంచి కాబట్టి మనకు వచ్చేది చాలాసార్లు ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ లేదా పీక్యూడబ్ల్యూఎల్, అంటే మధ్య స్టేషన్ల ప్రయాణికులకు విడిగా ఉండే వెయిటింగ్ లిస్టులు. రైలు మొదలయ్యే ఊరి నుంచి తీసుకున్న వెయిటింగ్ కదిలినంత తేలిగ్గా అవి కదలవు.

రైలు విషయంలో నా ఎంపిక సంఘమిత్ర. బెంగళూరు నుంచి విజయవాడ మీదుగా దానాపూర్ వెళ్తుంది, రోజూ ఉంది. నాగపూర్, జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్ ఛివ్‌కీ దాటాక పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగాలి. మనవాళ్ళు ఇంకా మొఘల్‌సరాయ్ అనే అంటారు. అక్కడి నుంచి కాశీకి ఆటోలు, కార్లు దొరుకుతాయి. ఎక్కడం విజయవాడలోనే కాబట్టి గుంటూరు నుంచి ముందుగా బయలుదేరి మా ఇంటికి రండి. సత్యనారాయణపురం నుంచి స్టేషన్‌కు దూరం లేదు, పెద్దవాళ్ళు కాసేపు నడుం వాల్చి వెళ్తారు.

స్లీపరా, థర్డ్ ఏసీనా అంటే ఈసారికి థర్డ్ ఏసీ. నవంబరులో మధ్యప్రదేశ్ దాటేసరికి రాత్రి చలి ఎక్కువ, స్లీపర్‌లో దుప్పటి ఇవ్వరు. పాయింట్లు వచ్చినందువల్ల మిగిలే డబ్బు దీనికే పెట్టు. థర్డ్ ఎకానమీ ఛార్జీ తక్కువే గానీ బెర్తులు ఇరుకుగా ఉంటాయి, మామగారి ఎత్తుకు వద్దు. పైగా ఎస్‌బీఐ ఐఆర్‌సీటీసీ కార్డు నీది అయితే, ఏసీ టికెట్లు ఆ సైట్లో కొన్నప్పుడే ఎక్కువ పాయింట్లు వస్తాయి, స్లీపర్‌కు ఆ లాభం లేదు. తిరుగు టికెట్‌కు డబ్బు కట్టినప్పుడు అవి జమవుతాయి.

తేదీల దగ్గర ఒక్క జాగ్రత్త. కార్తీక పౌర్ణమికి కాశీలో దేవ్ దీపావళి, ఘాట్ల మీద నడవడానికి కూడా చోటుండదు. చూడాలని అందరికీ ఉంటుంది గానీ మోకాళ్ళ నొప్పులతో ఆ జనంలో కష్టం. పౌర్ణమికి అటో ఇటో ఒక వారం వదిలెయ్యి. డిసెంబరు ముదిరితే పొగమంచుకు రైళ్ళు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి. గది సంగతి మామగారిని మాట్లాడమను, ఆయనకు శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం తెలుసు. తిరుగు టికెట్ ఖాయమయ్యాకే గదికి డబ్బు కట్టండి.

రైలెక్కేటప్పుడు ఒరిజినల్ గుర్తింపు కార్డులు మరచిపోవద్దు, టికెట్‌కు ఒకరిదైనా ఉండాలి, రెండు టికెట్లు కాబట్టి రెండు. అత్తగారి మందులు చేతి సంచిలోనే పెట్టుకో.

బ్యాంకు నుంచి ఆ మూడింటికీ జవాబు రాగానే నాకు పంపు. అది చూశాక మీ ముగ్గురి టికెట్‌కు పాయింట్లు సరిపోతాయో లేదో ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం. రిజర్వేషన్ తెరిచే రోజు ఉదయం నేను కూడా లాగిన్ అయి ఉంటాను. పెద్దవాళ్ళ టికెట్ నా ఖాతా నుంచి నేను చేస్తాను, నువ్వు మీ ముగ్గురిది చూసుకో.

అల్లుడికి, పిల్లలకు ఆశీస్సులు. మీ అత్తగారికీ మామగారికీ నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న
విజయవాడ